అరచేతి వాసన

"తలుపు తియ్యవే! ఇది హోటలనుకున్నావా, అలకల గది అనుకున్నావా?"

బెల్మీరో చెల్లెలి గది తలుపు మీద అరచేత్తో బాదుతున్నాడు. నడవాలో అటూ ఇటూ తలుపులు తెరుచుకుని, ఇంకా దువ్వుకోని తలలు బయటికొచ్చాయి. అందరూ సొంత ఊరివాళ్ళే. చర్చి మాట్లాడిన బస్సులో, మిరండేలా కొండలు దిగి, లిస్బన్ చూడవచ్చినవాళ్ళు. ఊళ్ళో జరిగినా రాజధానిలో జరిగినా ఇంటిగుట్టు ఇంటిగుట్టే కాబట్టి చెవులన్నీ ఇటే ఉన్నాయి.

లోపల్నుంచి హెర్మీనియా ఉలకలేదు, పలకలేదు.

"మెల్లిగా అనండి. అందరూ వింటున్నారు," అంది అడేలియా, మొగుడి మోచెయ్యి పట్టుకుని.

"విననీ! నిన్న బల్ల దగ్గర అంతమంది మధ్య తింటున్న చేప వదిలేసి లేచెళ్ళిపోయిందే, అప్పుడు వీళ్ళకి కళ్ళు లేవా? ఇంతకీ నేనేం చేశాను? నవ్వులాటకి ఒక మొక్కలో ముక్కు పెట్టాను. అంతేగా?"

"అంతే," అంది అడేలియా.

అంతే కాదని ఇద్దరికీ తెలుసు.

నిన్న సాయంత్రం సెయింట్ ఆంటోనీ పండగ మొదలైంది. అల్ఫామా సందుల్లో పొగ కమ్మేసింది. రొట్టెముక్క మీద కాల్చిన సార్డీన్ చేప పెట్టుకుని ఊరంతా వీధిలోనే తింటోంది. ఆ సందట్లో, లిస్బన్‌లోనే కొత్తగా పరిచయమైన బార్బర్ జెఫెరీనో వచ్చి, హెర్మీనియా చేతిలో మంజెరీకు కుండీ పెట్టాడు. చిన్నాకుల తులసిలాంటి మొక్క, గుండ్రంగా కత్తిరించి ఉంది. అందులో గుచ్చిన కాగితపు పువ్వు, ఆ పువ్వు పక్కన చిన్న కాగితపు జెండా మీద నాలుగు పాదాల పాట.

ఆ రోజు మగవాడు ఆడదానికి ఆ కుండీ ఇచ్చాడంటే ఎందుకిచ్చాడో పసిపిల్లలకి కూడా చెప్పక్కర్లేదు. ఆ మొక్కని ముక్కుతో వాసన చూడకూడదని కూడా చెప్పక్కర్లేదు. అరచేత్తో నిమిరి, ఆ అరచేతిని వాసన చూసుకోవాలి. ముక్కు పెడితే మొక్క చచ్చిపోతుంది.

బెల్మీరో తెలియక చేశాడా? తెలిసే చేశాడు. చెల్లెలి చేతిలోంచి కుండీ లాక్కుని, పశువుల సంతలో వేలంపాట పాడేవాడి గొంతు పెట్టి ఆ జెండా చదివాడు.

"చేత్తో తాకి వాసన చూడు, ముక్కు పెడితే వాడిపోతా. ఒక్క ఏడాది బతుకు నాది, నీ కిటికీలో ఉండిపోతా! విన్నారా? మా చెల్లాయి కిటికీకి కాపలా కావాలట!"

తర్వాత ముఖమంతా ఆ ఆకుల్లో దూర్చి, గట్టిగా పీల్చి, ఎద్దులా తుమ్మాడు. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది అడేలియా.

హెర్మీనియా అన్నవైపు చూడలేదు. వదినవైపు చూసింది. చూసి, లేచి వెళ్ళిపోయింది.

ఆ చూపు అడేలియాని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. ఎందుకు నవ్వానురా దేవుడా అని తెల్లారేదాకా తనని తాను తిట్టుకుంది. పెళ్ళయినప్పటి నుంచి మొగుడి హాస్యాలకి నవ్వడం అలవాటైపోయింది. నవ్వకపోతే మరుసటి హాస్యం తన మీదే పడుతుంది.

"నేను కాఫీకి పోతున్నా. ఆకలేస్తే అదే తీస్తుంది తలుపు," అని బెల్మీరో మెట్లు దిగిపోయాడు.

కాసేపాగి అడేలియా కూడా కిందికి దిగింది. వీధి గుమ్మంలో జెఫెరీనో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టోపీ.

"లోపలికి రానండీ అడేలియా గారూ. మీవారు కాఫీ తాగుతున్నారు. నా ముఖం చూపించి ఆ కాఫీ చేదు చెయ్యడం ఎందుకు?"

"రాత్రి జరిగినదానికి..." అని మొదలుపెట్టింది అడేలియా.

"నేను క్షవరాలు చేసేవాణ్ణి. రోజూ ఎన్ని హాస్యాలు వింటానో మీకేం తెలుసు? అది వదిలెయ్యండి." ఆయన టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఆవిడకి ఒక్క మాట చెప్పి పుణ్యం కట్టుకోండి. ఎస్ట్రేలా తోటలో, బ్యాండు మంటపం దగ్గర, మధ్యాహ్నం నుంచి ఉంటాను. ఔనన్నా సరే, కాదన్నా సరే. మీ అందరి మధ్యా కాకుండా ఆవిడ నోటితోనే వింటాను."

"దేనికి ఔనడం?"

"ఒక్క నెల ఉండమన్నాను. మా అక్క ఇంట్లో పైగది ఖాళీ. మీరు వచ్చి మూడు రోజులైంది, ఈ ఊళ్ళో ఏం చూశారు చెప్పండి? బస్సు కిటికీ చూశారు."

"నెల తర్వాత?"

"తర్వాత ఆవిడ ఇష్టం. నాకు తొందరపడే వయసా అమ్మా?"

ఈ మనిషి పరిచయమైంది కూడా వాసనతోనే. వచ్చిన రోజు, గ్రాసా కొండ మీద కాఫీ బడ్డీ దగ్గర హెర్మీనియా సంచిలోంచి ఇంట్లో పొగబెట్టిన మాంసపు సాసేజ్ తీసి రొట్టె మీద కోస్తుంటే, పక్కబల్ల నుంచి లేచి వచ్చాడు. "ఇది ఏ ఊరి పొగ తల్లీ?" అని అడిగాడు. వాళ్ళ పక్క లోయవాడే. పన్నెండేళ్ళకే లిస్బన్‌లో పనికి చేరి ఇక్కడే ముసలివాడైపోయాడు. పెళ్ళాం పోయి చాలాకాలమైంది. ఆ రోజు సాసేజ్ నములుతూ ఆయన ఏడుస్తుంటే హెర్మీనియా నవ్వింది. తల్లి పోయాక ఆడపడుచు నవ్వగా చూడటం అడేలియాకి అదే మొదటిసారి.

"చెప్తాను," అంది అడేలియా.

ఆయన టోపీ పెట్టుకుని, ట్రామ్ పట్టాలు దాటి వెళ్ళిపోయాడు.

పైకొచ్చి "నేనే, వదినని," అనగానే తలుపు తెరుచుకుంది. మంచం మీద పెట్టె సర్ది ఉంది. కిటికీలో కుండీ ఉంది. ఆకులన్నీ నల్లబడి, తడిసిన గుడ్డలా అంచు మీద వాలిపోయాయి. ఎండకో, నీళ్ళు లేకో, లేక ముక్కుకో.

"ఎవరైనా వచ్చారా వదినా?"

హెర్మీనియా కళ్ళు వాచి ఉన్నాయి. తల్లి పోయిన చలికాలం నుంచి ఆ దుఃఖానికి కడుతున్న నల్లబట్టలే కట్టుకుని ఉంది. ఆ మొహంలో ఆశ ఎంత స్పష్టంగా కనిపించిందంటే, అడేలియా చూపు తిప్పుకుంది.

ఇంట్లో వెనకగది గుర్తొచ్చింది అడేలియాకి. అత్తగారు పోయాక ఆ ఇల్లు మూసేసి హెర్మీనియా తమ దగ్గరే ఉండాలని నిర్ణయించింది తనే. కొత్త కర్టెన్లు కుట్టించింది, మంచం మార్పించింది. "ఒంటరిగా ఎలా ఉంటుంది పాపం," అని ఊరంతా చెప్పుకుంది. ఒంటరిగా ఉండలేనిది ఎవరో ఆమెకొక్కదానికే తెలుసు. పొద్దున్న లేస్తే బెల్మీరో ఎగతాళి, లేకపోతే బెల్మీరో మౌనం. చేతివేళ్ళు వంకర్లు తిరిగి కుండ మూత కూడా తియ్యలేని రోజులు. ఆ ఇంట్లో ఇంకొక మనిషి అలికిడి ఉంటుందన్న ఆశతోనే ఈ వసంతం గడిచింది.

"వచ్చాడు," అంది అడేలియా. "ప్రిన్సిపి రియాల్ తోటలో, ఆ పెద్ద దేవదారు చెట్టు కింద ఉంటానన్నాడు. మధ్యాహ్నం."

నోట్లోంచి వచ్చేసింది. నిన్న చూసిన చెట్టు, ఇనుప పందిరి మీద కొమ్మలు పరుచుకున్న చెట్టు, ఎందుకు గుర్తొచ్చిందో గుర్తొచ్చింది. ఇప్పుడైనా కాదు కాదు అనొచ్చు. అనలేదు.

"వెళ్ళనా వదినా? నువ్వేమంటావ్?"

"నీ ఇష్టమే."

"నీ మాట అడుగుతున్నా."

"నా మాటదేముంది? వెళ్ళు."

హెర్మీనియా మొహం కడుక్కుంది. నల్ల జాకెట్టు విప్పి నీలం జాకెట్టు వేసుకుంది. అద్దంలో చూసుకుని, మళ్ళీ నల్లదే వేసుకోబోయి, ఆగింది.

"ఇదే ఉండనీ," అంది అడేలియా. ఆ ఒక్క మాట మాత్రం నిజంగా అంది.

"నా పెట్టె బస్సులో వేయించు. ఔనన్నా కాదన్నా, దానికోసమైనా ఐదింటికల్లా, ఊరికి బస్సు బయల్దేరే ఎడ్వర్డో పార్కు దగ్గరికి వస్తాను. అన్నయ్య అడిగితే చర్చికెళ్ళానని చెప్పు."

ఆమె మెట్లు దిగుతుంటే అడుగుల చప్పుడు పడుచుపిల్లదిలా వినిపించింది. అడేలియా మంచం మీద కూర్చుండిపోయింది.

*

మధ్యాహ్న భోజనం ఎస్ట్రేలా తోటలోనే. ఆ సంగతి బస్సు డ్రైవర్ చెప్పినప్పుడు, ఏ తోట అని అడేలియా రెండుసార్లు అడిగింది.

గడ్డి మీద దుప్పట్లు పరిచి, ఊరినుంచి తెచ్చిన మూటలు విప్పారు. బంగాళాదుంప అట్లు, పంది తొడమాంసం, రొట్టెలు, పెద్ద సీసాలో ఇంటి వైన్. బెల్మీరో కత్తి తీసి సాసేజ్ కోస్తూ తీర్పు చెప్పాడు.

"నిన్న పక్కవాళ్ళు నత్తలు పీల్చుకు తింటున్నారు చూశావా? పళ్ళు కుట్టుకునే పుల్లతో! రాజధానట రాజధాని. మూట కట్టుకు రాకపోతే ఆకలితో చచ్చేవాళ్ళం."

అడేలియా వినడం లేదు. బాతుల చెరువు అవతల, పచ్చరంగు ఇనుప మంటపం కింద మెట్టు మీద, జెఫెరీనో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్త కుండీ. ఎవరైనా గేటులోంచి లోపలికొస్తే లేచి నిలబడుతున్నాడు. కాదని తెలిసి కూర్చుంటున్నాడు. ఎండ కుండీ మీదికి వస్తే దాన్ని నీడలోకి జరిపి, తను ఎండలోనే ఉంటున్నాడు.

"అదిగో కత్తెర దొర," అన్నాడు బెల్మీరో. అతనికీ కనపడ్డాడు. "ఎవరికోసమో?"

అడేలియా అట్ల గిన్నె అతని ముందుకు జరిపింది.

"హెర్మీనియా చర్చికి కదా వెళ్ళింది?"

"ఔను."

బెల్మీరో కాసేపు నమిలాడు. మళ్ళీ అటు చూశాడు. ఇంకో ముక్క కోసి, నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"రాత్రి కొంచెం ఎక్కువ చేశానంటావా?" అన్నాడు, భార్య మొహం చూడకుండా.

ఇన్నేళ్ళ కాపురంలో ఈ ప్రశ్న ఆ నోటినుంచి రావడం ఇదే మొదలు.

"నేనే ఎక్కువ నవ్వాను," అంది అడేలియా.

బెల్మీరో రొట్టె చీల్చి, మధ్యలో సాసేజ్ ముక్కలు దండిగా పెట్టి, అట్టు ముక్క కూడా దూర్చి, కాగితంలో చుట్టాడు.

"తీసుకెళ్ళి ఇచ్చిరా. మన కొండవాడే కదా. వాసన తగిలితే పాపం ప్రాణం కొట్టుకుంటుంది."

"మీరే ఇవ్వొచ్చుగా?"

"నేనా? నా మోకాలు..." అని మోకాలు పట్టుకున్నాడు. పొద్దున్న కొండలెక్కినప్పుడు లేని నొప్పి.

చెరువు చుట్టూ నడుస్తూ అడేలియా ఒక్క వాక్యాన్ని పెదవుల మీద తిప్పుకుంది. ఆవిడ ప్రిన్సిపి రియాల్‌లో ఉంది, దేవదారు కింద ఉంది, పరిగెత్తండి. అంతే అనాలి. దూరం కూడా ఎంతో లేదు.

జెఫెరీనో లేచి నిలబడ్డాడు. రొట్టె అందుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఇది బెల్మీరో గారు పంపారా? అయితే రాత్రి బాకీ తీరిపోయినట్టే." తర్వాత మెల్లిగా అడిగాడు. "ఆవిడకి చెప్పారు కదూ?"

"చెప్పాను."

"ఏమంది?"

"నీలం జాకెట్టు వేసుకుంది," అంది అడేలియా.

ఆ ముసలి ముఖం వికసించిన తీరు చూసి ఆమెకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చెప్పాల్సిన వాక్యం అక్కడే, పెదవుల వెనకే ఉంది. ఇప్పుడు చెబితే పొద్దున్న అబద్ధమాడానని కూడా చెప్పాలి. నోరు రాలేదు.

"పాతది చచ్చిపోయే ఉంటుంది. మీవారిది సామాన్యమైన ముక్కా? అందుకే ఇంకొకటి తెచ్చాను."

అడేలియాకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళు నిండాయి.

"అయ్యో, ఏమైందమ్మా?"

"ఏం లేదు. నాకెవరూ ఎప్పుడూ ఇవ్వలేదు ఇది. మావారికి ఇలాంటివి పట్టవు."

జెఫెరీనో కుండీ ముందుకు చాపాడు. "ఇది ఇచ్చెయ్యలేను, ఆవిడది. కానీ వాసనకేం? చూడండి. చేత్తో."

ఆమె వంకర్లు పోయిన వేళ్ళతో ఆ మెత్తని ఆకుల్ని నిమిరింది. అరచెయ్యి మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. పచ్చిగా, చల్లగా, ఘాటుగా ఉంది. ఇంత చిన్న సంగతి కోసం ఒక మనిషి ఎండలో కూర్చున్నాడు, ఇంకో మనిషి ఇంకో తోటలో కూర్చుంది.

"గేటు మూసేదాకా ఇక్కడే ఉంటాను," అన్నాడాయన. "పండగరోజు, షాపు ఎలాగూ మూసే ఉంది."

"వస్తుంది," అంది అడేలియా. అని వెనక్కి తిరిగింది.

"ఏమన్నాడు?" అనడిగాడు బెల్మీరో.

"బాకీ తీరిపోయిందన్నాడు." నిలబడే ఉంది. "నేను కాస్త అలా నడిచొస్తాను."

"ఎక్కడికి? ఈ గిన్నెలూ మూటలూ ఎవరు సర్దుతారు?"

అడేలియా చెరువు వైపు చూసింది, గేటు వైపు చూసింది. తర్వాత కూర్చుని గిన్నెలు సర్దింది. ఆ కూర్చోవడాన్నే ఆమె ఆ తర్వాత అన్నిటికన్నా ఎక్కువగా తలుచుకుని బాధపడింది. పొద్దుటి అబద్ధం నోరు జారి వచ్చింది. ఇది మాత్రం తెలిసి తెలిసి కూర్చోవడం.

*

ఎడ్వర్డో పార్కు కింద బస్సు ఆగి ఉంది. జకరండా చెట్ల ఊదా పూలు రోడ్డంతా రాలి, ఎక్కేవాళ్ళ చెప్పులకి అంటుకుని బస్సు మెట్లదాకా వచ్చాయి. బెల్మీరో ముందుసీట్లో డ్రైవర్‌కి దారి గురించి సలహాలు ఇస్తున్నాడు.

హెర్మీనియా అందరికన్నా చివర వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చి వదిన పక్కన కూర్చుంది.

"రాలేదు," అంది.

అడేలియా చేతులు ఒళ్ళో బిగించుకుంది.

"చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నా. అక్కడ ముసలాళ్ళు పేకాడుతున్నారు. ఎవరికోసమమ్మా అనడిగారు. మా అన్నయ్య కోసం అన్నా. సిగ్గేసింది వదినా, ఈ వయసులో. నీలం జాకెట్టు వేసుకుని..." ఆమె నవ్వబోయింది. "రాత్రి అన్నయ్య చేసిన పనికి భయపడి ఉంటాడులే. ఎవరు మాత్రం మన ఇంట్లో తల దూరుస్తారు?"

"హెర్మీనియా..."

"నీ తప్పేం లేదు. నువ్వు నవ్వావని రాత్రి కోపం వచ్చింది. కూర్చుని కూర్చుని ఆలోచిస్తే పోయింది. నవ్వొస్తే నవ్వమూ? అన్నయ్య పక్కన నవ్వకుండా బతకడం కష్టం, నాకు తెలీదా?"

తిట్టినా బాగుండేది. అడేలియా తట్టుకోలేకపోయింది. హెర్మీనియా చెంప మీద జారిన నీటిచుక్కని తుడవడానికి చెయ్యి చాపింది. తుడిచి, చెమటకి అంటుకున్న వెంట్రుకల్ని చెవి వెనక్కి తోసింది.

హెర్మీనియా ఉన్నట్టుండి కదలకుండా అయిపోయింది.

వదిన చెయ్యి పట్టుకుంది. అరచెయ్యి వెల్లకిలా తిప్పింది. మెల్లిగా మొహం దగ్గరికి తెచ్చుకుంది. సాసేజ్ పొగ వాసన, వెల్లుల్లి వాసన. వాటి కింద ఇంకొకటి.

"నాది పొద్దున్నే వాడిపోయింది," అంది చాలా నెమ్మదిగా. "నీ చేతికి ఈ వాసన ఎక్కడిది వదినా?"

డ్రైవర్ బస్సు స్టార్ట్ చేశాడు. సీట్లు అదిరాయి. అడేలియా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఎస్ట్రేలాలో," అంది. "ఆయన నీకు చెప్పమన్నది ఎస్ట్రేలా తోట. దేవదారు చెట్టు నేను కల్పించాను. ఇంకా అక్కడే ఉన్నాడు. గేటు మూసేదాకా ఉంటానన్నాడు."

"ఎందుకు?"

"నేనొక్కదాన్నే ఆ ఇంట్లో ఉండలేను."

హెర్మీనియా ఆమెకేసి చాలాసేపు చూసింది. రాత్రి చూసిన చూపే. ఈసారి అడేలియా చూపు తిప్పుకోలేదు.

"నేనున్నానుగా వదినా, ఒక్కదాన్నే. మంచాన పడ్డ అమ్మతో, ఇన్నేళ్ళూ. అవతల వీధిలోనే కదా మీ ఇల్లు? ఒక్క రోజైనా వచ్చి, నువ్వు పడుకో నేను కూర్చుంటానన్నావా?"

అడేలియా అనలేదు. ఏ ఒక్క రోజూ అనలేదు.

హెర్మీనియా లేచి, సీట్ల మధ్య నుంచి ముందుకు నడిచింది.

"ఏంటిది? బస్సు కదులుతోంది, కూర్చో!" బెల్మీరో దారికి అడ్డంగా కాలు చాపాడు. "మళ్ళీ మొదలెట్టావా నీ నాటకం?"

"కాలు తియ్యండి," అంది అడేలియా. ఆడపడుచు వెనకే ఎప్పుడు లేచి వచ్చిందో ఆమెకే తెలియదు. "డ్రైవర్ గారూ, తలుపు తెరవండి."

బెల్మీరో పెళ్ళాం వైపు చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు తెరుచుకుంది. హెర్మీనియా పెట్టె సంగతి కూడా ఎత్తకుండా ఊదా పూల మీదికి దిగింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నువ్వూ దిగు వదినా."

"నేనా? నేనెందుకు?"

"మధ్యాహ్నం నుంచి నేనెందుకు రాలేదో ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి కదా. నేను చెప్పను. నువ్వే చెప్పాలి, ఆయన మొహం చూసి."

అడేలియా మెట్టు మీద ఒక కాలు పెట్టింది. వెనకనుంచి మొగుడి చెయ్యి వచ్చి ఆమె శాలువా కొస పట్టుకుంది. ఏదో ఎగతాళి మాట వస్తుందని ఆమె మెడ దానంతటదే వంగింది.

"అడేలియా," అన్నాడు బెల్మీరో. ఆ గొంతు ఆమె ఎరిగినది కాదు. "మీరిద్దరూ దిగిపోతే, ఆ ఇంట్లో నేనొక్కణ్ణీ ఏం చెయ్యను?"

కింద హెర్మీనియా చెయ్యి చాపి నిలబడి ఉంది. డ్రైవర్ తలుపు మీట మీద వేలు ఉంచి, అడేలియా వైపు చూస్తున్నాడు.